‘ఎప్పుడైనా వెళ్లొచ్చు’ అనుకున్న చోటికి ఎందుకు వెళ్లలేం?

హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లను సాలార్‌జంగ్ మ్యూజియానికి చివరిసారి ఎప్పుడు వెళ్లారని అడిగి చూడండి. ఎక్కువమంది రెండే జవాబులు చెబుతారు: చిన్నప్పుడు బడివాళ్లు తీసుకెళ్లినప్పుడు, లేదా ఊళ్లోంచి చుట్టాలు దిగినప్పుడు. అక్కడి గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి గంటలు కొట్టడం చూసొద్దామని, ఎవరూ రాకపోయినా, ఓ ఆదివారం పూట తమంతట తాము బయల్దేరినవాళ్లు అరుదు. విజయవాడ వాళ్లకు ఉండవల్లి గుహలు, రాజమండ్రి వాళ్లకు ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం, విశాఖ వాళ్లకు తొట్లకొండ. అందరిదీ ఇదే సంగతి. సిటీ బస్సెక్కితే చేరుకోగల చోట్లను వదిలేసి, నాలుగు రోజులు సెలవు దొరకగానే ఏ ఊటీకో, మనాలీకో టికెట్లు తీస్తాం.

దీనికి బద్ధకం అని పేరు పెట్టి ఊరుకోవచ్చు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఊరుకోలేదు. సుజాన్ షు, అయెలెట్ గ్నీజీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 2010లో దీని మీద ఒక పరిశోధన ప్రచురించారు. లండన్, షికాగో, డల్లస్ నగరాల్లో చూడదగ్గ చోట్లను ఎవరెవరు ఎన్నెన్ని చూశారో వాళ్లు కనుక్కున్నారు. కొద్దిరోజులు ఉండి వెళ్లిపోయే సందర్శకులే, ఆ ఊళ్లో కాపురముంటున్నవాళ్లకన్నా ఎక్కువ చూశారని తేలింది. ఊరు విడిచి వెళ్లే రోజు దగ్గరపడ్డాక మాత్రం స్థానికులు కూడా హడావిడిగా తిరిగారు. అంతే కాదు, వీళ్లు కాఫీ, కేకులు అమ్మే ఒక దుకాణం కూపన్లు కొందరికి పంచారు. సగం మందికి మూడు వారాల గడువు, మిగతా సగానికి రెండు నెలల గడువు. ముందుగా అడిగితే రెండు నెలల గడువు ఉన్నవాళ్లే ‘తప్పకుండా వాడుకుంటాం’ అని ఎక్కువ నమ్మకంగా చెప్పారు. చివరికి వాడుకున్నది చూస్తే, మూడు వారాల వాళ్లలో 31 శాతం. రెండు నెలల వాళ్లలో 6 శాతం.

చేదు పనిని రేపటికి నెట్టడం అందరికీ అర్థమయ్యే విషయం. తీపి పనిని కూడా అలాగే నెడతామని ఈ అంకెలు చెబుతున్నాయి. గాల్ జాబర్‌మన్, జాన్ లించ్ అనే పరిశోధకులు 2005లో దీనికి ఒక కారణం చూపించారు. వచ్చే నెలలో మన దగ్గర డబ్బు ఇప్పటికన్నా పెద్దగా ఎక్కువ ఉండదని మనకు తెలుసు. తీరిక మాత్రం ఇప్పటికన్నా ఎక్కువే ఉంటుందని నమ్ముతాం. పిల్లల పరీక్షలు అయిపోనీ, ఆఫీసులో మార్చి గడవనీ, వానలు తగ్గనీ అంటూ ఉంటాం. ఆ తీరిక నెల వచ్చేసరికి అది కూడా ఈ నెలలాగే నిండిపోయి ఉంటుంది. అప్పుడు ఇంకో నెల వైపు చూస్తాం.

అందుకే చిన్న చిన్న కోరికలను ఒక చీటీ మీద రాసుకుని, ఒక్కొక్కటే చేసి కొట్టేస్తూ పోయే అలవాటును నేను తేలిగ్గా తీసుకోలేను. చాలామందికి అది కాలక్షేపంగా కనిపిస్తుంది. నిజానికి మనిషి మెదడు కాలాన్ని అంచనా వేయడంలో చేసే పొరపాటుకు మందు అందులోనే ఉంది. అయితే చీటీ రాసిన తీరును బట్టే ఆ మందు పనిచేస్తుంది. ఎలా రాస్తే పనిచేస్తుందో వందేళ్లుగా జరిగిన ప్రయోగాలు చెబుతాయి.

ఇలాంటి చీటీలలో ప్రపంచ ప్రసిద్ధమైనది జాన్ గొడ్డార్డ్‌ది. 1940లో, పదిహేనేళ్ల వయసులో, లాస్ ఏంజెలెస్‌లోని ఇంట్లో కూర్చుని జీవితంలో చేయాల్సిన 127 పనులు రాసుకున్నాడు. నైలు నది పొడవునా ప్రయాణించడం అందులో ఉంది. నిమిషానికి 50 పదాలు టైపు చేయడమూ ఉంది. నైలు ప్రయాణాన్ని 1950లో మొదలుపెట్టి ఇద్దరు మిత్రులతో కలిసి చిన్న పడవల్లో పూర్తిచేశాడు. 2013లో చనిపోయేనాటికి 100కు పైగా పనులు కొట్టేశాడు. చంద్రుడి మీదికి వెళ్లడం లాంటివి మిగిలిపోయాయి. గొడ్డార్డ్ కథ చెప్పేవాళ్లు ఎప్పుడూ నైలు గురించే చెబుతారు. నాకు మాత్రం ఆ టైపింగ్ ముఖ్యమనిపిస్తుంది. మహా సాహసం పక్కన మామూలు నేర్పు ఒకటి, అదే వరుసలో, అదే మర్యాదతో కూర్చుంది.

ఈ కాలంలో చాలా దేశాల్లో వ్యాపించిన పద్ధతి మరొకటి ఉంది: 1001 రోజుల్లో 101 పనులు. 1001 రోజులంటే దాదాపు రెండేళ్ల తొమ్మిది నెలలు. ఇది తెలివైన గడువు. ఏడాదే అయితే ఒక ఋతువు తప్పిపోతే ఇక ఆ పని లేనట్లే. 1001 రోజుల్లో ప్రతి ఋతువూ కనీసం రెండుసార్లు వస్తుంది. జీవితకాలం అనే గడువుకు ఉన్న జబ్బు దీనికి లేదు. ఆ రెండు నెలల కూపన్‌కు పట్టిన జబ్బే ‘చనిపోయేలోగా చేయాల్సిన పనుల’ చీటీకీ పడుతుంది.

సగంలో ఆగిన పని

చీటీ వెనక ఉన్న మనస్తత్వ శాస్త్రం బెర్లిన్‌లో మొదలైంది. 1920లలో అక్కడి విశ్వవిద్యాలయంలో కర్ట్ లెవిన్ దగ్గర బ్లూమా జైగార్నిక్ అనే యువతి పరిశోధన చేస్తుండేది. లిథువేనియాలో పుట్టిన అమ్మాయి. హోటల్ సర్వర్లు బిల్లు కట్టనివాళ్ల ఆర్డర్లను వరసబెట్టి చెప్పగలరని, డబ్బు చేతిలో పడగానే మరిచిపోతారని లెవిన్ గమనించాడని, ఆమె పరిశోధనకు ప్రేరణ అదేనని చెబుతారు. జైగార్నిక్ తన ప్రయోగంలో పూసలు గుచ్చడం, మట్టితో బొమ్మ చేయడం, లెక్కలు కట్టడం లాంటి 20 దాకా చిన్న పనులు జనానికి ఇచ్చింది. సగం పనులను పూర్తి కానిచ్చింది. మిగతా సగం పనుల్లో, మనిషి మునిగి ఉన్న సమయం చూసి, ఆపించేసింది. తర్వాత ఏయే పనులు చేశారో చెప్పమంటే, సగంలో ఆగినవి పూర్తయినవాటికి దాదాపు రెట్టింపు గుర్తున్నాయి. 1927లో వెలువడిన ఈ ఫలితం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇబ్బంది ఏమిటంటే, ఇతరులు అదే ప్రయోగం చేసినప్పుడు చాలాసార్లు అదే ఫలితం రాలేదు. అన్ని ప్రయోగాలనూ ఒకచోట చేర్చి 2025లో వేసిన లెక్కలో, సగంలో ఆగిన పనులు ఎక్కువ గుర్తుంటాయన్న మాటకు ఆధారం నిలవలేదు. కానీ అదే లెక్కలో ఇంకో ఫలితం గట్టిగా నిలబడింది. దాన్ని కనిపెట్టింది జైగార్నిక్ సహచరురాలు మరియా ఓవ్‌సియాంకినా. ఆమె 1928లో ఇంకో ప్రశ్న వేసింది: పని మధ్యలో ఆపించి, ఆ మనిషిని వదిలేస్తే ఏం చేస్తాడు? ఎవరూ చెప్పకపోయినా, ఏ బహుమతీ లేకపోయినా, మళ్లీ ఆ పని దగ్గరికే వెళతాడు. జైగార్నిక్ పేరు అందరికీ తెలుసు, ఓవ్‌సియాంకినా పేరు ఎవరికీ తెలియదు. వందేళ్ల తర్వాత నిలిచింది మాత్రం ఓవ్‌సియాంకినా మాటే. ఆమె పేరు మన పుస్తకాల్లోకి రావాలని నాకు గట్టిగా ఉంది.

చీటీ రాసుకునేవాళ్లకు ఇందులో నేరుగా పనికొచ్చే విషయం ఉంది. మనసును వెనక్కి లాగేది మొదలుపెట్టిన పని. రాసిపెట్టిన పని కాదు. ‘ఈత నేర్చుకోవాలి’ అని రాసి మూసేస్తే అది కాగితం మీదే ఉంటుంది. మునిసిపల్ ఈతకొలను ఎన్నింటికి తెరుస్తారో కనుక్కుని, ఫీజు ఎంతో అడిగి, ఒకరోజు వెళ్లి గట్టు మీద నిలబడి చూసి వస్తే అది మొదలైన పని. అక్కడి నుంచి లాగుడు పుడుతుంది.

దీనికి దగ్గరి ప్రయోగమే జోసెఫ్ న్యూనెస్, జేవియర్ డ్రేజ్ 2006లో ఒక కార్లు కడిగే కేంద్రం దగ్గర చేశారు. 300 మందికి కార్డులు ఇచ్చారు. సగం కార్డుల్లో 8 గడులు. కడిగించుకున్న ప్రతిసారీ ఒక ముద్ర, 8 నిండితే ఒకసారి ఉచితం. మిగతా సగం కార్డుల్లో 10 గడులు, కానీ ఇచ్చేటప్పుడే రెండింట్లో ముద్ర వేసి ఇచ్చారు. రెంటిలోనూ ఇంకా కావాల్సింది ఎనిమిదే. మొదటి రకం కార్డును 19 శాతం మంది పూర్తిచేశారు. రెండోదాన్ని 34 శాతం మంది. మొదలైపోయిందన్న భావనకు అంత బలం ఉంది. కాబట్టి 101 పనుల చీటీ రాసేటప్పుడు ఇప్పటికే సగం నడిచిన పనులు నాలుగైదు అందులో చేర్చడం మోసమేమీ కాదు. ఆగిపోయిన వీణ పాఠం, సగం చదివి పెట్టిన ‘వేయిపడగలు’, మూడొంతులు కుట్టిన బొంత. వీటికి ముందు వరుసలో చోటివ్వాలి.

రాస్తే మనసు తేలికపడుతుంది, అక్కడే ప్రమాదం

తీరని పనులు మనసులో అలజడి చేస్తాయి. ఇ.జె. మాసికాంపో, రాయ్ బౌమైస్టర్ 2011లో దీన్ని పరీక్షించారు. కొందరిని ముందుగా తమ తీరని పనుల గురించి రాయమని, తర్వాత ఒక డిటెక్టివ్ నవలలో కొంత భాగం చదవమన్నారు. వాళ్ల ధ్యాస మాటిమాటికీ ఆ పనుల మీదికే పోయింది. ఇంకొందరిని ఆ పనులను ఎప్పుడు, ఎలా చేస్తారో కూడా రాయమన్నారు. వాళ్లు ప్రశాంతంగా చదువుకున్నారు. ఒక్క పని కూడా పూర్తి కాలేదు, అయినా అలజడి పోయింది. ఎలా చేయాలో తేలిపోతే చాలు, మనసు దాన్ని పట్టుకుని వేలాడడం మానేస్తుంది.

నిద్ర విషయంలోనూ ఇదే కనిపించింది. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్కలిన్ బృందం 57 మంది యువతీయువకులను ప్రయోగశాలలో పడుకోబెట్టి, మెదడు తరంగాలను కొలిచింది. ఆ రిపోర్టు 2018లో వచ్చింది. పడుకునే ముందు ఐదు నిమిషాలు కొందరు తాము పూర్తిచేసిన పనులు రాశారు, కొందరు రాబోయే రోజుల్లో చేయాల్సినవి రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లు సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. అందులోనూ ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది. రేపటి గురించి ఆలోచిస్తూ అర్ధరాత్రి దాకా దొర్లేవాళ్లకు ఖర్చు లేని ఉపాయం ఇది.

ఈ తేలికదనంలో ఒక ప్రమాదం పొంచి ఉంది. పని చేయకుండానే చేసినంత తృప్తి రావచ్చు. పీటర్ గోల్విట్జర్ 2009లో న్యాయశాస్త్ర విద్యార్థులతో చేసిన ప్రయోగాలు ఈ విషయాన్నే పట్టుకున్నాయి. మంచి లాయరు కావడానికి బాగా చదువుతామని రాసిన విద్యార్థుల్లో, ఆ మాటను ఇంకొకరు చదివి గుర్తించినవాళ్లు తర్వాత ఇచ్చిన పని మీద తక్కువసేపు కూర్చున్నారు. ఎవరూ చూడనివాళ్లు ఎక్కువసేపు కూర్చున్నారు. ‘నేను ఫలానా మనిషిని కాబోతున్నాను’ అని నలుగురిలో చెప్పి, వాళ్లు ‘ఆహా’ అనగానే, అందులో కొంత దూరం వచ్చేసినట్టు మనసుకు అనిపిస్తుంది. ‘రచయితనవుతాను’, ‘పర్వతారోహకుణ్ణవుతాను’ అనే రకం మాటలకే ఇది ఎక్కువగా వర్తిస్తుంది. స్నేహితురాలితో ‘శనివారం ఆరింటికి మీ ఇంటికొస్తా, కలిసి నడుద్దాం’ అని చెప్పుకోవడం వేరు. అది చాటింపు కాదు, ఏర్పాటు. చీటీని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మరి చీటీలోని పని జరిగే అవకాశాన్ని నిజంగా పెంచేదేమిటి? నేను చదివిన వాటిలో ఇంతకన్నా స్పష్టమైన జవాబు ఇంకోటి లేదు. సారా మిల్న్, షీనా ఓర్బెల్, పాస్కల్ షీరన్ 2002లో ఇంగ్లండ్‌లో 248 మంది విద్యార్థులతో ఒక పరిశోధన చేశారు. లక్ష్యం చిన్నది: వచ్చే వారంలో ఒక్కసారి, 20 నిమిషాలు, ఒళ్లు అలిసేలా వ్యాయామం చేయాలి. మొదటి గుంపుకు ఏమీ చెప్పలేదు. వారిలో 38 శాతం మంది చేశారు. రెండో గుంపుకు వ్యాయామం గుండెకు ఎంత మంచిదో చెప్పే పాఠం చదివించారు. చేయాలన్న కోరిక వారిలో పెరిగింది. చేసినవాళ్లు మాత్రం 35 శాతమే. మూడో గుంపుకు పాఠంతో పాటు ఒక వాక్యం పూరించమన్నారు: ఫలానా రోజు, ఫలానా సమయానికి, ఫలానా చోట వ్యాయామం చేస్తాను. వాళ్లలో 91 శాతం మంది చేశారు.

ఈ మూడు అంకెలను మన ఇళ్లలో, బళ్లలో గోడ మీద రాసిపెట్టాలి. పిల్లలకు ఉపదేశాలు చెప్పి చెప్పి అలసిపోయే తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఇందులో ఊరట ఉంది. కోరిక పెంచడానికి మనం పడే శ్రమంతా రెండో గుంపు మీద పెట్టిన శ్రమ. కావాల్సింది రోజు, సమయం, చోటు. అవి ముందే నిర్ణయమై ఉంటే, ఆ సమయం వచ్చినప్పుడు మళ్లీ ఆలోచించి తేల్చుకునే పని ఉండదు. గోల్విట్జర్, షీరన్ 2006లో ఇలాంటి 94 పరీక్షల ఫలితాలను కలిపి చూసినప్పుడు కూడా ఈ చిన్న ఉపాయం ప్రభావం బలంగానే తేలింది.

సరదాకు గడువు కావాలి, గంట అక్కర్లేదు

ఇక్కడిదాకా వచ్చి, చీటీలోని అన్ని పనులకూ రోజు, గంట, చోటు రాసేద్దామనిపిస్తుంది. అలా చేస్తే సగం చీటీ చెడిపోతుంది. ఎందుకో చెప్పింది గాబ్రియేలా టోనియెటో, సెలిన్ మల్కోచ్ 2016లో ప్రచురించిన పరిశోధన. సినిమా, స్నేహితులతో కాఫీ, షికారు లాంటి ఆహ్లాదకరమైన పనులకు కచ్చితమైన సమయం పెట్టగానే అవి డ్యూటీలా అనిపిస్తాయి. ఎదురుచూపులోనూ, చేసేటప్పుడూ ఆనందం తగ్గుతుంది. ఒక ప్రయోగంలో పరీక్షల రోజుల్లో విద్యార్థులకు ఉచితంగా కాఫీ, బిస్కట్లు ఇచ్చారు. ఫలానా గంటకు వస్తామని సమయం తీసుకున్నవాళ్లకన్నా, ‘ఈ రెండు గంటల మధ్యలో ఎప్పుడైనా రండి’ అని పిలిపించుకున్నవాళ్లు ఎక్కువ ఆస్వాదించారు.  సమయాన్ని వదులుగా కట్టుకుంటే నష్టం లేదన్నమాట.

లెక్కపెట్టడం కూడా ఇలాంటి పనే చేస్తుంది. జోర్డన్ ఎట్కిన్ అదే ఏడాది చూపించిన ఫలితం ఇది: అడుగులు లెక్కపెట్టే పరికరం ఇస్తే జనం ఎక్కువ నడిచారు, కానీ నడకలో ఆనందం తగ్గింది. కొలత పనిని పెంచుతుంది, సరదాను కరిగిస్తుంది.

కాబట్టి చీటీలో రెండు జాతుల పనులు ఉన్నాయని నా అభిప్రాయం. రక్తపరీక్ష చేయించుకోవడం, వీలునామా రాయడం, పాస్‌పోర్టు కొత్తది తీసుకోవడం, రోజూ ప్రాణాయామం. వీటికి రోజు, గంట, చోటు రాయాలి. మిల్న్ ప్రయోగం చెప్పింది వీటి గురించే. ఓ ఉదయం పూట గోల్కొండ ఎక్కడం, అమ్మమ్మ ఊరికి బస్సులో కాకుండా ప్యాసింజర్ రైల్లో వెళ్లడం, ఎప్పుడూ దిగని స్టేషన్‌లో దిగి టీ తాగి రావడం. వీటికి గంట రాయకూడదు, గడువు రాయాలి. ‘సంక్రాంతి లోపల’, ‘ఈ రెండు ఆదివారాల్లో ఒకటి’. గడువే లేకపోతే రెండు నెలల కూపన్ గతి పడుతుంది. గంట కూడా పెడితే ఆఫీసు మీటింగు అవుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న ఇరుకు దారిలోనే చిన్న సాహసం బతుకుతుంది.

అలవాట్ల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందన్న మాటకు బలమైన ఆధారం లేదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రకటించిన ఫలితంలో, పని తనంతట తాను జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం కనిపించలేదు. పనికి పట్టే కాలం విషయంలో కూడా మన అంచనాలు తప్పుతాయి: 1994లో రోజర్ బ్యూలర్ బృందం థీసిస్ రాస్తున్న విద్యార్థులను అడిగితే సగటున 33.9 రోజుల్లో ముగిస్తామన్నారు, 55.5 రోజులు పట్టింది. మొదలుపెట్టడానికి ఉగాది, పుట్టినరోజు, సోమవారం లాంటి రోజులు నిజంగానే ఊపునిస్తాయని హెంగ్‌చెన్ దాయ్, కాథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో చూపించారు.

కొత్త చోటు మెదడుకు ఏం చేస్తుంది?

ఇంత శ్రమపడి వెళ్లి రావడం వల్ల ఒరిగేదేమిటని ఎవరైనా అడగొచ్చు. మెదడు లోపలికి చూస్తే జవాబు దొరుకుతుంది.

డోపమైన్ అంటే ఆనందాన్నిచ్చే రసాయనం అని ప్రచారంలో ఉంది. అది పూర్తి నిజం కాదు. వుల్ఫ్రామ్ షుల్ట్స్ కోతుల మెదడులో డోపమైన్ కణాల స్పందనను కొలిచాడు. పండ్లరసం అనుకోకుండా నోట్లో పడినప్పుడు ఆ కణాలు ఒక్కసారిగా స్పందించాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతికి తెలిశాక, స్పందన దీపానికి మారింది. రసానికి ఏమీ లేదు. దీపం వెలిగి రసం రాకపోతే స్పందన మామూలుకన్నా పడిపోయింది. అంటే ఆ కణాలు చెప్పేది అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న తేడా. షుల్ట్స్, పీటర్ దయాన్, రీడ్ మాంటేగ్ 1997లో దీన్ని ఒక లెక్కగా వివరించారు. రోజూ అదే దారి, అదే సీటు, అదే టిఫిను అయితే మెదడుకు తెలియాల్సింది ఏమీ మిగలదు.

కొత్త బొమ్మలు చూపించినప్పుడు మనుషుల మధ్యమెదడులో డోపమైన్ కణాలున్న ప్రాంతం చురుకవుతుందని నికో బుంజెక్, ఎమ్రా డ్యూజెల్ 2006లో స్కానర్లతో చూశారు. ఆ ప్రాంతానికీ, జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోకాంపస్‌కూ గట్టి లింకు ఉంది. అందువల్లే కొత్త అనుభవం తన పక్కనున్న మామూలు విషయాలను కూడా గుర్తుండేలా చేస్తుంది. అర్జెంటీనాలో ఫాబ్రీసియో బల్లరీని బృందం ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఒక కథ చదివి వినిపించింది. కథకు గంట ముందో, గంట తర్వాతో పిల్లలు ఎన్నడూ చూడని కొత్తరకం క్లాసు పెట్టినప్పుడు, మర్నాడు వాళ్లకు కథ ఎక్కువ గుర్తుంది. నాలుగు గంటల ఎడం ఉంటే ఆ లాభం లేదు. 2013లో వచ్చిన ఈ ఫలితాన్ని మన బళ్లు వాడుకోవడానికి ఖర్చు కూడా ఏమీ కాదు: పాఠం అయ్యాక పిల్లలను చెరువు గట్టుకు తీసుకెళ్తే చాలు.

పెద్దవాళ్ల మీద చేసినవాటిలో ఆరన్ హెల్లర్, కాథరిన్ హార్ట్లీ బృందం 2020లో వెలువరించిన పరిశోధన ముఖ్యమైనది. న్యూయార్క్, మయామీ నగరాల్లో 132 మంది ఫోన్ల జీపీఎస్‌ను మూడు నాలుగు నెలలు గమనించారు. ఎలా ఉన్నారో మెసేజీలు పెట్టి అడుగుతూ వచ్చారు. ఎక్కువ రకాల చోట్లలో తిరిగిన రోజుల్లో మనసు ఎక్కువ ఉల్లాసంగా ఉంది. దూరాలు వెళ్లనక్కర్లేదు, పేటలోనే ఇంకో వీధి తిరిగినా ఆ తేడాలోకి వస్తుంది. కొందరిని స్కాన్ చేస్తే, హిప్పోకాంపస్‌కూ, ప్రతిఫలాన్ని గుర్తించే స్ట్రయేటమ్‌కూ లింకు బలంగా ఉన్నవాళ్లలో ఈ సంబంధం మరింత గట్టిగా కనిపించింది. ఉల్లాసంగా ఉన్న మనిషి మర్నాడు ఇంకాస్త ఎక్కువ తిరగడం కూడా కనిపించింది.

అదే ఏడాది కాలిఫోర్నియాలో వర్జీనియా స్టర్మ్ బృందం 52 మంది వృద్ధులను ఎనిమిది వారాల పాటు వారానికోసారి 15 నిమిషాలు నడవమంది. సగం మందికి ఒక మాట ఎక్కువ చెప్పింది: వీలైతే కొత్త చోటికి వెళ్లండి, చుట్టూ ఉన్నవాటిని పసిపిల్లల కళ్లతో చూడండి. వాళ్లలో సంతోషం పెరిగింది. ప్రతి నడకలోనూ సెల్ఫీలు తీసుకోమన్నారు. వారాలు గడిచేకొద్దీ, విస్మయంతో నడిచినవాళ్ల ఫొటోల్లో వాళ్ల బొమ్మ చిన్నదైంది, చుట్టూ ఉన్న ప్రపంచం పెద్దదైంది, నవ్వు వెడల్పయింది. కొత్తదనానికి పరికరాలు, పెట్టుబడి అక్కర్లేదని ఇంత ముచ్చటగా చూపిన ప్రయోగం నాకు ఇంకోటి తెలియదు. రిటైరై ఇంట్లో టీవీ ముందు కూర్చుంటున్న అమ్మానాన్నల చీటీలో మొదట రాయాల్సింది ఇదే.

మీరు చీటీ రాయబోతుంటే ఒక మాట. సరదాలకు గడువు పెట్టడం కష్టంగా ఉంటే, ప్రకృతే గడువు పెట్టినవాటిని ముందు రాయండి. తాటిముంజలు ఏప్రిల్, మే దాటితే దొరకవు. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలను చూడాలంటే శీతకాలంలోనే వెళ్లాలి. నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టేదీ ఆ రోజుల్లోనే. వాటిని ‘వచ్చే నెల చూద్దాం’ అని నెట్టలేం. ఆకాశంలో అలాంటిది జెమినిడ్ ఉల్కాపాతం. ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన ధూళిలోంచి భూమి ఏటా డిసెంబరులో వెళుతుంది. 13, 14 తేదీల రాత్రి అది ఉద్ధృతంగా ఉంటుంది. దీపాల వెలుగు లేని చోట, చంద్రుడు అడ్డురాని ఏడాదిలో, ఆకాశం శుభ్రంగా ఉంటే గంటకు 100 దాకా ఉల్కలు రాలతాయి. టెలిస్కోపు వద్దు. ఊరి పొలిమేర దాటి, ఒక చాపా దుప్పటీ తీసుకెళ్లి, ఫోను పక్కన పెట్టి, కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నిమిషాలు ఇవ్వండి. పిల్లలున్నవాళ్లు వాళ్లను నిద్ర లేపి మరీ తీసుకెళ్లండి. గంట రాసుకోనక్కర్లేదు, రాత్రి పది దాటాక ఎప్పుడైనా సరే. తేదీ మాత్రం ఇప్పుడే రాసుకోండి.